ఉత్తరం గోడకి చెమట

జనవరి 6, 2007, శనివారం. ఉదయం 7:10
డైనింగ్ రూమ్ ఉత్తరం గోడ మీద చెమ్మ. నిన్న ఇడ్లీ అంత. ఇవాళ దిబ్బరొట్టె అంత!

మా ఆవిడ రేణు తేల్చి చెప్పేసింది. "నెలాఖరులోగా ఈ చెమ్మ ఎక్కణ్ణుంచో కనుక్కోండి. లేకపోతే ఇల్లు అమ్మిపెట్టమని రియల్టర్‌ని పిలుస్తా. శ్యామ్‌సుందర్ గారి వీధిలో కొత్తిల్లు కొనుక్కుందాం."

మా స్నేహితుడు శ్యామ్‌సుందర్ ఇల్లా! వేలితో కొడితే అట్టపెట్టెలా మోగే గోడలు. నాది 1924 నాటి ఇల్లు. నిండు ఇటుక గోడ, మధ్యలో ఖాళీ లేదు. మేకు కొడితే మేకే వంగుతుంది. ఈ ఇల్లు అమ్మితే నా ప్రాణం పోయినట్టే.

నిర్ణయం: రోజుకో అనుమానితుడు. కారణం తేలేదాకా పెయింట్ డబ్బా ముట్టను. ఇరవయ్యేళ్ళ ఇంజనీరింగ్ ఎక్కడికి పోతుంది!

సాయంత్రం. అదే గదిలో కిటికీ దగ్గర కరివేపాకు మొక్క పక్కన, నీళ్ళని ఆవిరిగా వదిలే హ్యుమిడిఫయర్‌లో రెండు గ్యాలన్లు పోశా. ఇది మూడో మొక్క. ముందు రెండూ షికాగో పక్కనున్న ఈ నేపర్‌విల్ చలికాలానికి బలైపోయాయి. దీనికి గాలిలో తేమ తగ్గనివ్వను.

జనవరి 7
అనుమానితుడు: చూరుకున్న వాననీళ్ళ గట్టర్. నిచ్చెన ఎక్కా. ఎండుటాకులు, మంచు, ఒక టెన్నిస్ బంతి. దిగుతూ జారా. నడుం!
మొక్కకి: రెండు గ్యాలన్లు.

జనవరి 10
అనుమానితుడు: పైపు. కుళాయిలన్నీ కట్టేసి మీటర్ ముందు గంట కూర్చున్నా. ముల్లు కదల్లేదు. రేణు కదిలింది. "తలకి నూనె పెట్టుకుని కూర్చున్నా, నీళ్ళు వదులుతారా లేదా?"
మొక్కకి: రెండు.

జనవరి 13
ఇంటర్నెట్‌లో దొరికింది! గోడకి అల్యూమినియం ఫాయిల్ అంటించి రెండు రోజులు ఆగాలి. ఫాయిల్ వెనక తడిస్తే నీళ్ళు గోడలోంచి వస్తున్నట్టు. ముందు తడిస్తే గదిలోంచి. అంటించా.

జనవరి 15
ముందు తడిసింది!! ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టా. రేణు ఇడ్లీ కుక్కర్ ఆవిరి!
ఆమెకి చెప్పా. తర్వాత జరిగింది రాయను. ఈ వారం ఇడ్లీలు బంద్.
మొక్క కొంచెం వాడినట్టుంది. మూడు గ్యాలన్లు పోశా.

జనవరి 18
మూడు రోజులుగా పొద్దున్నే పాలల్లో సీరియల్ వేసుకుని తింటున్నాం. గోడ ఇంకా తడే. నడుం నొప్పి. ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ హడావిడి. ఎల్లుండి శ్యామ్‌సుందర్ వాళ్ళు భోజనానికొస్తున్నారు. అతని ముందు ఈ గోడా!
పెయింట్ వేశా. ఒక్క పూతే. నిర్ణయం మానుకోలేదు, విరామమిచ్చా.

జనవరి 20
పెయింట్ బుడగలుగా పొంగింది. సరిగ్గా పప్పు వడ్డిస్తుండగా పెచ్చు ఊడి శ్యామ్‌సుందర్ కంచంలో పడింది. అప్పడం అనుకుని నోటిదాకా తీసుకెళ్ళాడు.
అప్పుడు మా పదేళ్ళ మాయ, అందరి ముందూ: "డాడీ, ఎవ్రీ డే టూ గ్యాలన్స్ పోస్తావ్ కదా. ఆ వాటర్ ఎక్కడికి వెళ్తుంది?"
నేను పప్పన్నం కలుపుకున్నా.

జనవరి 21
హ్యుమిడిఫయర్ కట్టేశా. ప్రయోగం కోసమే.

జనవరి 25
గోడ ఆరింది! కారణం తేలింది! ఇల్లు నిలిచింది!
సంతోషం మాత్రం రావట్లేదు. మొక్క ఆకులు రాలుస్తోంది. ఇవాళ పదిహేడు రాలాయి.

జనవరి 28. సాయంత్రం 6:00
రేణు పోపు వేయబోతూ కరివేపాకు కోసం వెళ్ళింది. మొక్కకి మిగిలినవి రెండే రెబ్బలు. కొయ్యలేక అలాగే నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు, నిజంగా! తనే రెండు గ్యాలన్లు మోసుకొచ్చి పోసి స్విచ్ వేసింది.
"మరి గోడ?" అన్నా.
"పాత గోడన్నాక ఆమాత్రం చెమ్మ ఉండదా?"
"రియల్టర్?"
"కొత్తింట్లో దీనికి ఇంత ఎండొచ్చే కిటికీ దొరకొద్దూ? మీరు ఊరుకోండి."
పోపు కరివేపాకు లేకుండానే పెట్టింది. ఇద్దరం అదే తిన్నాం.

ఫిబ్రవరి 10, శనివారం. ఉదయం 7:10
మొక్క: మూడు చిగుర్లు!!!
గోడ: దిబ్బరొట్టె అంత.
నిర్ణయం: రోజుకో అనుమానితుడు. ఈసారి కారణం కనుక్కొని తీరతా. తెలిసిన కారణం లెక్కలోకి రాదు. రేణు కూడా అదే అంది.
నిచ్చెన బయటికి తీశా. ముందు గట్టర్.