రెండో భాగంలో మనం చూడని సీను

అన్నయ్యా,

ఎలా ఉన్నావని అడగొచ్చో లేదో తెలియదు... అయినా అడుగుతున్నాను. నువ్వు పోయి పది నెలలైంది. కిరందుల్‌లో మళ్ళీ వానలు మొదలయ్యాయి. ఎర్ర బురద మన క్వార్టర్ గుమ్మం దాకా వచ్చింది. వదిన తిడుతూనే కడుగుతోంది.

అసలు సంగతి చెబుతాను. ఆ అన్నదమ్ముల సినిమా మూడో భాగం వచ్చింది. లైబ్రరీ బోర్డు మీద రివ్యూ ఎప్పుడు పెడతావని కాలనీలో అందరూ నన్నే అడుగుతున్నారు. నువ్వు గనిలో డంపర్ లారీ డ్యూటీ దిగి వచ్చి చెబుతుంటే తెలుగులో, హిందీలో రాసిపెట్టినదాన్నే కదా నేను? విశ్లేషణ నాకేం వచ్చు?

రెండో భాగంలో వాగులో కొట్టుకుపోయిన తమ్ముడు చావలేదని ఆరు పేజీలు చెప్పావు, గుర్తుందా? “శవాన్ని సూపించారేటే? నేదు కదా! మరి సచ్చిపోనాడని ఎవులన్నారు?” అని నా మీద ఎగిరావు. మొదటి భాగంలో వాడు ఈత నేర్చుకున్న సీనుని కూడా సాక్ష్యానికి లాక్కొచ్చావు. మూడో భాగంలో వాడు తిరిగొస్తాడని తేల్చేశావు. నీ ఆఖరి రివ్యూ అదే.

వాడు రాలేదు అన్నయ్యా.

జగదల్‌పూర్ వెళ్ళి చూశాను. తెర మీద తలుపు చప్పుడైనప్పుడల్లా వాడేనేమో అనుకున్నాను... సినిమా అయిపోయింది. అనుమానమొచ్చి, ఇంటికొచ్చి రెండో భాగం తెలుగులో పెట్టాను. తమ్ముడి చితి సీను ఉంది! అన్నే నిప్పు పెడతాడు. మనం టీవీలో చూసిన హిందీ డబ్బింగ్‌లో దాన్ని కత్తిరించేశారు. మనకి దొరికిన ముక్కనే పూర్తి సినిమా అనుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నీ చితి కూడా నేను చూడలేదు కదా. పరీక్షకని విశాఖ వెళ్ళినదాన్ని, కబురు తెలిసి రైలెక్కితే ఘాట్‌లో కొండచరియ పడి పొద్దంతా ఆగిపోయాం. వచ్చేసరికి అంతా అయిపోయింది. వదిన వాళ్ళ తమ్ముడు తీసిన వీడియో ఆవిడ ఫోన్‌లో ఉంది. చూస్తావా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయాను.

ఎందుకలా చేశాను? షిఫ్ట్ వదిలే సైరన్ మోగితే ఇప్పటికీ నీ స్నానానికి నీళ్ళు పెడుతున్నాను. వదిన వచ్చి పొయ్యి ఆపేస్తుంది. నాకు మతి పోయిందా? శవాన్ని చూపించలేదు కదా అని నేనూ నీలాగే రివ్యూ రాసుకున్నానా?

పరువు పోతుందని నీ ఆరు పేజీలూ చింపేద్దామనుకున్నాను. నీ మాటే అడ్డొచ్చింది. “తప్పు రాస్తే గీత కొట్టీయే, కాయితం సింపకు. మనం ఎక్కడ బోల్తా పడ్డామో అందరికీ అగుపడాల.”

సరే, గీత కొట్టాను. ఒకటే గీత, నీ మాటలు చదవడానికి వచ్చేలా. కింద రాశాను: సీను ఉంది, మేమే చూడలేదు.

ఆదివారం దాన్ని బోర్డు మీద పెడతాను. పెట్టి వచ్చాక వదిన పక్కన కూర్చుని ఫోన్ అడుగుతాను. ఆ రోజు పాలు ముందే కాచి దించేస్తాను.

నీ చెల్లి
చిట్టి