డెబ్బై ఒక్క దీపాలు

వరంగల్
నవంబరు 3, సోమవారం

ఆసిమా బేటీకి దాదీ దువాలు.

సలాం చెప్పకుండా గడప దాటావు. మీ ఫుప్పు సబియా ఫోన్ చేసి, “పిల్ల ఘన్‌పూర్‌ల నా దగ్గర్నే ఉంది, ఫికర్ చేయకు అమ్మీ” అన్నాక గానీ నాకు కునుకు పట్టలేదు. ఫోన్‌లో నీ గొంతు వింటే మెత్తబడతాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని కదా, అలవాటు కొద్దీ ఈ ఉత్తరానికి నకలు కూడా తీసి పెట్టుకుంటున్నాను.

నువ్వు మన డాబా మీద నుంచి తీసిన రాత్రి ఊరి ఫొటోను కాలేజీ ప్రదర్శనకు ఎంపిక చేశానని చెప్పడానికి మీ పద్మలత మేడమ్ నీ స్నేహితురాళ్లిద్దరితో ఇంటికి వచ్చింది. వాళ్ల ముందే నేను, “ఈ ఫొటో అబద్ధం, లేని దీపాలు కలిపింది” అన్నాను. ఆమె ఫొటోను పక్కన పెట్టేసింది. నీకు తలకొట్టేసినట్టయిందని తెలుసు. కానీ నేను నోటికొచ్చింది అనలేదు, లెక్క చూసి అన్నాను.

మీ దాదా ఫకీర్ మహమ్మద్ పోయినప్పటి నుంచి, పదకొండేళ్లుగా, రాత్రి ఇషా నమాజు కాగానే డాబా ఎక్కుతున్నాను. అదే మూల, అదే కుర్చీ. నీళ్ల ట్యాంకు మీది ఎర్ర దీపంతో మొదలుపెట్టి, గోవిందరాజుల గుట్ట మీది వరుస, స్టేషన్ పెద్ద లైట్లు, మసీదు మినారు మీది పచ్చ దీపం దాకా రోజూ వెలిగేవే లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటాను. ఇళ్ల దీపాలు లెక్కలోకి రావు. మొదటి ఏడాది అరవై రెండు. ఊరు పెరిగి అరవై తొమ్మిది దాకా పోయింది. రెండేళ్లుగా తగ్గుతోంది. పోయిన రంజాన్‌కు యాభై నాలుగు, అక్టోబరు ఆఖరుకు నలభై మూడు. కరెంటు పొదుపేమో అనుకున్నాను. నీ ఫొటో బల్ల మీద పెట్టుకుని, ఒక్కోదాని పక్కన పెన్సిల్ చుక్క పెడుతూ లెక్కపెడితే డెబ్బై ఒకటి వచ్చాయి. ఆ ఇరవై ఎనిమిది ఎక్కడివి?

“దాదీ, ఒక్క చుక్క గూడ కలపలే. కెమెరాను ముప్పై సెకన్లు తెరిచిపెట్టిన, అంతే. మసక దీపం గూడ పడ్తది” అన్నావు. ముప్పై సెకన్లు కాదు, తెల్లవార్లూ తెరిచిపెట్టినా లేని దీపం రాదు. మీ అబ్బా జుబేర్ మధ్యలో నవ్వి, “దీపాలకు గూడ హాజరు తీస్తవా అమ్మీ?” అన్నాడు. నవ్వే మాట కాదిది. నువ్వు పోతూ పోతూ “నీకు మనుషుల కన్న ఆ పుస్తకమే ఎక్కువ” అన్నావు. అది నవ్వే మాట అంతకన్నా కాదు.

దీపాలు కలిపానని రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి పంపు. ఆ రోజే మీ అబ్బాను పంపి పిలిపించుకుంటాను.

నీ మేలు కోరే
షహనాజ్ బేగం


వరంగల్
నవంబరు 13, గురువారం

ఆసిమా బేటీ,

ఈసారి సలాం ముందు నేనే చెబుతున్నాను.

నువ్వు సంతకం పంపలేదు. అదే ఫొటో ఇంకో ప్రతి పంపావు. దాని వెనక “ఇంకెవరితోనన్న లెక్కపెట్టించు దాదీ” అని ఒక్క వాక్యం. సరే, నీ పొగరు దించుదామనే మన వంటింటి మొగిలమ్మను డాబా మీదికి తీసుకుపోయాను. బడి మొహం చూడని మనిషి, ఇరవై దాటితే లెక్క రాదు. “నాకు చింతగింజలియ్యి అమ్మా, ఒక్క దీపానికి ఒక్క గింజ ఏస్త” అంది. ఏవేవి లెక్కలోకి వస్తాయో చెప్పి, గిన్నె ముందు పెట్టి పక్కన కూర్చున్నాను. గింజ పడ్డప్పుడల్లా టక్కుమని చప్పుడు. నలభై మూడు దగ్గర ఆగుతుందని చూశాను. ఆగలేదు.

“ఎక్కడివే అవన్నీ?” అని గద్దించాను.

“గిటు పక్క, గటు పక్క. గుడ్లప్పగించి సూసుకుంట కానొస్తలేవంటవేందమ్మా?” అంది. కాసేపటికి, “ఇంకిన్ని గింజలు తే, సాల్తలేవు” అంది.

గిన్నెను గదిలోకి తెచ్చి గింజలు నా వేళ్లతో లెక్కపెట్టాను. డెబ్బై. మన వీధి స్తంభం దీపాన్ని వదిలేసిందట. “గది మనదే గదా, ఊరిదెట్లయితది?” అని నన్నే అడిగింది.

మర్నాడు మీ అబ్బాతో కంటి దవాఖానకు పోయాను. చీకటి గిన్నె లాంటి యంత్రంలో తల పెట్టించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏ చుక్కా రాలేదు. యంత్రం చెడిపోయిందేమో చూడమన్నాను. చెడలేదు. నీటికాసులట. చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుందట. పోయింది తిరిగి రాదు, రోజూ చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలబడవచ్చు. ఎదురుగా ఉన్న అక్షరం బాగానే కనబడుతుంది కాబట్టి నాకు తెలియలేదు. నీ ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, జరుపుతూ జరుపుతూ చూశాను కాబట్టి అన్నీ దొరికాయి. పదకొండేళ్లుగా ఊరి లెక్క రాస్తున్నాననుకున్నాను. చివరి రెండేళ్లూ రాసింది నా కళ్ల లెక్క.

ఆ రాత్రి నేను ఏడవలేదు. ఏడ్చానని మీ అబ్బా చెబితే నమ్మకు.

నిన్న ఆటోలో మీ కాలేజీకి పోయాను. ఎవరి ముందు ఆ మాట అన్నానో ఆ ముగ్గురినీ పిలిపించి, లెక్క పుస్తకం, దవాఖాన కాగితం బల్ల మీద పెట్టి, “మా పిల్ల ఒక్క దీపం కూడా కలపలేదు, తగ్గించింది నేను” అన్నాను. పద్మలత మేడమ్ నా చెయ్యి పట్టుకుని, “ఆదివారం గోడ మీద ఉంటది బేగం గారూ, పిల్లను రమ్మనండి” అంది. నా పెన్సిల్ చుక్కలున్న ప్రతి ఇవ్వలేదు. నువ్వు పంపిన శుభ్రమైన ప్రతే ఇచ్చాను.

మీ అబ్బా రేపు పొద్దున ఈ ఉత్తరం పట్టుకుని ఘన్‌పూర్ వస్తున్నాడు. నేను రమ్మంటే రావలసిన పని లేదు, ఆజ్ఞలు వేసే మొహం ఇప్పుడు నాకు లేదు. కానీ ఒక పని మిగిలిపోయింది. నేను దాచుకున్న మొదటి ఉత్తరం నకలు బయటికి తీసి, “అబద్ధం” అన్న మాట కొట్టేశాను. పక్కన “తప్పు నాది” అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. అయితే అది నకలే. అసలుది నీ దగ్గరుంది. చింపేయకపోతే, వచ్చేటప్పుడు వెంట తీసుకురా. దాని మీద కూడా దిద్దాలి.

నీ దాదీ
షహనాజ్