కోడికూర మీది బొగ్గు ముక్క

రమణక్క పాదాలకు మొక్కి, చెల్లెలు కాంతమ్మ వేలూరు నుంచి రాసుకునేది.

నువ్వు, బావ, పిల్లలు ఎట్లున్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఆమెను మెట్లు దిగనివ్వొద్దు. మేం బాగున్నాం. మీ మరిది మా గుడియాత్తంలో మేస్త్రి పని మీదే ఉన్నాడు. నా గురించి భయపడొద్దు, నేను బాగానే ఉన్నాను.

ఫోనులో చెప్తే పక్కవాళ్ళు వింటారు, అందుకే ఉత్తరం. ఇక్కడ అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే గానీ ఈ అక్షరాలు చదివేవాళ్ళు లేరు. మనూరి బడిలో మూడో తరగతి దాకా నేర్చుకున్నది ఇప్పుడు పనికొచ్చింది. తప్పులుంటే సర్దుకొని చదువుకో.

మునెమ్మతో కలిసి ప్రయాణం బయలుదేరాను. నాతోపాటు కట్టడం పనికి వస్తుందని చెప్పానే, ఆమె. పన్నెండేళ్ళుగా నేను కింద నుంచి సిమెంటు తట్ట ఎత్తితే, ఆమె గోడకు కట్టిన సారువ కర్రల మీద నిలబడి అందుకుంటుంది. ఒక్కనాడూ జారనివ్వలేదు. నా బిడ్డ గోపి పోయి ఏడాది దాటింది గదా. “ఇంక గడప దాటొచ్చులే. వాడు నీకు చూపిస్తానన్న సముద్రం నేను చూపిస్తా, పుదుచ్చేరి పోయొద్దాం రా” అని నెల నుంచి ఒకటే పోరు. ఈ రోజు వేలూరులో ఆమె చెల్లెలి ఇంటికి, రేపు తెల్లవారి పుదుచ్చేరి బస్సు.

సముద్రమంటే భయం లేదక్కా. పల్లికొండ దాటాక వచ్చే మలుపంటేనే భయం. గోపి వేలూరులో సెంట్రింగ్ పని ముగించుకొని బండి మీద ఇంటికొస్తూ పడి చనిపోయింది అక్కడే. ఈ ఏడాదిలో రెండుసార్లు వేలూరు బస్సెక్కాను. రెండుసార్లూ పల్లికొండలోనే దిగి వెనక్కి వచ్చేశాను. ఈసారీ దిగిపోతే ఇంక ఈ జన్మలో ఆ దారి దాటలేననిపించింది.

పొద్దున్నే దారికని కోడికూర వండాను, వాడికి ఇష్టమైనట్టు మిరియాలు దంచి వేసి. మునెమ్మ వస్తూనే డబ్బా తెరిచి చూసింది.

“బొగ్గు ఏసినావా?”

“మర్చిపోయినా.”

“మాంసం ఎత్తుకొని రోడ్డు మీద పోయేదానివి, బొగ్గు మర్చిపోతావా? గాలీ ధూళీ ఎంటబడితే? నీ మతి యాడ పెట్టినావు?”

ఆమే నీళ్ళు కాచే పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసి, ఆకులో చుట్టి, కూర మీద పెట్టి మూత వేసింది. చచ్చినవాళ్ళు మాంసం వాసనకు వెంట వస్తారు, బొగ్గుంటే రారు అని అమ్మ మనకు చెప్పిందే గదా. నీ దగ్గర దాపరికం ఎందుకక్కా, నేను మర్చిపోలేదు.

బస్సు కదిలినప్పటి నుంచి డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. పల్లికొండలో జనం దిగుతుంటే నేనూ లేచాను. మునెమ్మ నా కొంగు పట్టి లాగింది.

“కూసో. కండ్లు మూసుకో. దాటినాక నేను చెప్తా.”

మూసుకున్నాను. ఇంకా భయమైంది. వాడు ఏడాదిగా అక్కడే నిలబడి ఉన్నాడేమో. అమ్మ వస్తోందని తెలిసి, కూర వాసనకు దగ్గరికి రాబోతే నా ఒళ్ళోనే బొగ్గు. కన్నతల్లే వాణ్ణి తోసేసినట్టు. కళ్ళు తెరిచాను, డబ్బా మూత తీశాను. మునెమ్మ మీదుగా చెయ్యి చాచి ఆకుతో సహా బొగ్గును కిటికీలోంచి పారేశాను. పంచర్ల అంగడి ఒకటి కనిపించింది. అంతే, మలుపు వెనక్కి పోయింది.

“అడి పాపీ, ఏం పని చేస్తివే!” మునెమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. “నాకూ ఇద్దరు బిడ్డలుండారు. మా చెల్లెలింట్లో పసిబిడ్డ ఉండాది. ఈ డబ్బా ఎత్తుకొని ఆ ఇంట్లోకి ఎట్ల పోయేది?”

వేలూరు వచ్చేదాకా ఆమె నా వైపు తిరగలేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి తట్ట మధ్యలో జారినట్టయింది. బస్టాండులో దిగగానే అన్నాను, “నేను తిరిగి పోతా మునెమ్మా, నువ్వు మీ చెల్లెలింటికి పో.”

ఆమె సిమెంటు బెంచీ మీద కూర్చుని చెయ్యి చాపింది.

“ఇటియ్యి డబ్బా.”

పారేస్తుందనుకున్నాను. మూత తీసి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.

“ఉప్పు తక్కువ. వాడొచ్చినా ఇదే అంటాడు” అంది. “నా చేతి సద్ది తిన్న పిల్లోడు, వాడికి నేను భయపడేదేంది? అయితే ఈడే తినేసి డబ్బా కడిగేద్దాం. పసిబిడ్డ ఉండే ఇంటికి మాత్రం తీసుకపోకూడదు.”

ఇద్దరం అక్కడే తిన్నాం. చివర్లో ఆమే ఒక తొడ ముక్క కాగితంలో పెట్టి బెంచీ చివర ఉంచింది. వెనక్కి చూడకుండా వచ్చేశాం.

ఇప్పుడు ఆమె చెల్లెలి ఇంటి వసారాలో కూర్చుని రాస్తున్నాను. దీపాలు పెట్టే వేళయింది, ఉక్క మాత్రం తగ్గలేదు. పసిబిడ్డ కొంచెం ఏడ్చినా మునెమ్మ నా వైపు చూస్తోంది, నేను నేల వైపు చూస్తున్నాను. వాడు వెంట వస్తాడని అందరికీ భయం. నా భయం అది కాదక్కా. రాలేదేమోనని.

నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోవద్దు. అమ్మకు ఇది చదివి వినిపించకు, మలుపు దాటిందని మాత్రం చెప్పు. అమ్మకూ బావకూ నా దండాలు, పిల్లలకు ముద్దులు. బావ ఇటు వచ్చేటప్పుడు ఎప్పటిలాగే పొట్టేలు కూర పంపు. దాని మీద బొగ్గు మాత్రం పెట్టొద్దు.

నీ దీవెన కోరే చెల్లెలు,
కాంతమ్మ