కాకులకు వినిపించిన క్యాసెట్

ఒరేయ్ సూరీ,

ఈ ఉదయం పాలకొల్లులో మీ వీధి ప్రశాంతతకు కలిగిన విఘాతానికీ, పంతులుగారి గుండెదడకూ శిరసు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. తప్పంతా నీ క్యాసెట్‌లో పాడిన బ్యాండుదే.

పోయేముందు నువ్వు మద్రాసు నుంచి తెప్పించమన్న సైకోబిల్లీ క్యాసెట్ నిన్ననే చేరింది. ఇవాళ నీ సంవత్సరీకం. పిండం గోడ మీద పెట్టి గంటయినా కాకి ముట్టలేదు. "వాడికి ఏం కోరిక మిగిలిపోయిందో" అని మీ అమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే ఉండబట్టలేక, టేప్‌రికార్డర్ తెచ్చి ఆ క్యాసెట్ పెట్టేశాను.

ఏం మోతరా బాబూ! పాత రాకెన్‌రోల్‌కు పిచ్చెక్కినట్టుంది. క్యాసెట్ అట్ట మీది బొమ్మలో ఉన్న మనిషంత ఎత్తు బేస్ వాయిద్యం తీగల్ని అరచేత్తో చరుస్తుంటే, అచ్చం నువ్వు మీ బియ్యం డ్రమ్ము మీద వేసే దరువే! గిటారు బ్రేకుల్లేని సైకిల్ కాలవగట్టు దిగినట్టు దూసుకొచ్చింది. పాడేవాడు తేలు కుట్టినట్టు కేకలు పెట్టాడు.

"ఇదేం పాటండీ?" అన్నారు పంతులుగారు చెవులు మూసుకుని.

"మావాడి పాటండీ," అంది మీ అమ్మ. "నువ్వు సౌండు పెంచరా!" అని నావైపు తిరిగి నవ్వింది. నువ్వు పోయాక ఆ నవ్వు చూడటం ఇదే మొదలు.

అంతలో కాకి వాలి ముద్ద ముట్టింది.

పాట విని నువ్వే వచ్చావని మీ అమ్మ అందరికీ చెబుతోంది. నేనూ భక్తిగా తలూపాను. నీకొక్కడికే చెబుతున్నా: అందరూ టేప్‌రికార్డర్ వైపు తిరిగినప్పుడు, ముద్ద మీద ఎండు రొయ్యలు పెట్టింది నేనే.