తొమ్మిదో భాగం

పలాస, మంగళవారం రాత్రి

తమ్ముడికి డయాలసిస్ చేయించి రైల్లో తిరిగి వస్తుంటే, కళ్లు లాగుతున్నాయని వాడు తన అంతరిక్షం బొమ్మల కథల పుస్తకం నన్ను పైకి చదవమన్నాడు. అది తొమ్మిదో భాగం. ముందువి నేనెప్పుడూ ముట్టలేదు. పోయిన పేజీలో చచ్చినవాడు ఈ పేజీలో ఇంకో గ్రహం మీద నవ్వుతున్నాడు.

"ఈడు సచ్చిపోనేదేట్రా?" అని అడిగాను.

"మొదట్నుంచి సెప్పాలక్కా. ఇప్పుడు ఓపిక్నేదు. నువ్వు సదువు."

మొదటినుంచి చెప్తానని పదేళ్లప్పుడు వాడు నా వెంటపడేవాడు. "ఆ బొమ్మలు కూడెడతాయేటి?" అని కసిరి పంపేదాన్ని. వాడు మంచం పడితేగాని నాకు వినే తీరిక దొరకలేదు.

పలాస వచ్చేదాకా ఆ నోరు తిరగని పేర్లన్నీ తప్పుగానే చదివాను. వాడు ఒక్కటీ దిద్దలేదు. ఒకప్పుడైతే ఊరుకునేవాడు కాదు.