చిన్నరేవు దీపం శత్రువుకు సైగ కాదు

చిన్నరేవు గ్రామం, బాబ్లీకి దిగువ
1351 ఫసలీ, అమర్దాద్ నెల 9వ తేదీ, గురువారం

మహారాజశ్రీ నాందేడు జిల్లా తాలూక్దారు గారి సముఖమునకు, చిన్నరేవులో పడవ నడుపు భోజన్న స్వహస్తముతో వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: సముద్రపు ఓడ మీద కొలువులో ఉన్న నా తమ్ముని పేర అతని భార్య గోదావరిలో విడిచే దొప్ప దీపమును, శత్రువులకు సైగ యని పోలీసు అమీను సాహెబు నిలుపుదల చేయుట గురించి, మరియు సదరు ఓడ పోయిన నీళ్లు ఏ రాజు హద్దులోనివో తెలియజేయుట గురించి.

తమ సేవకుడు విన్నవించుకొనునది ఏమనగా:

1. మాది బెస్త కులం. ముప్పై ఏండ్లుగా ఈ రేవు నాది. నా తమ్ముడు శివన్న టేకు తెప్పల వెంట రాజమండ్రి దాకా పోయి, అక్కడినుంచి కాకినాడ పోయి, రంగూనుకు సామాను మోసే ఓడలో ఖలాసీగా చేరి మూడేండ్లయింది. అతని భార్య జనాబాయి మా ఇంట్లోనే ఉంటున్నది.

మా ఇండ్లల్లో మగవాడు నీళ్ల మీద దూరం పోతే, అతని ఆడది ప్రతి సోమవారం సందెవేళ మోదుగాకు దొప్పలో ఒక వత్తి వెలిగించి గోదావరి గంగలో విడుస్తుంది. ఆ దీపం కింది మలుపు తిరిగే దాకా ఒడ్డున నిలబడి కన్ను తీయకుండా చూడాలి. చూసినన్నాళ్లు మనిషి క్షేమం. చనిపోయినవాని దీపం వేరు. అది విడిచినవాళ్లు వెంటనే వీపు తిప్పి, వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. దొప్ప అదే, వత్తి అదే, నూనె అదే. తేడా అంతా చూడటంలోనే ఉన్నది. ఈ సంగతి తమరు మనసులో ఉంచుకోవాలని ప్రార్థన. అమీను సాహెబుకు చెప్పబోతే సగంలోనే చెయ్యెత్తి ఆపినారు.

2. మొన్న చైత్రంలో కాకినాడ మీద, విశాఖపట్నం మీద జపానువారి విమానాలు బాంబులు వేసినది తమరికి తెలిసినదే. ఆ కబురు మా దాకా వచ్చిన మరుసటి సోమవారమే అమీను సాహెబు ఇద్దరు జవాన్లతో రేవుకు వచ్చి నన్ను విచారించినారు. ఆ విచారణ ఉన్నది ఉన్నట్టు వ్రాస్తున్నాను.

"ఈ గంగ ఏడికి పోతది?"

"సముద్రంలకు పోతది సాబ్."

"సముద్రంల ఎవరున్నరు?"

"నా తమ్ముడున్నడు సాబ్."

"జపానోడు గూడ ఉన్నడు గద. మరి దీపం ఎవరికి?"

దీనికి నా వద్ద జవాబు లేకపోయింది. జవాబు లేకపోవటమే నేరం ఒప్పుకున్నట్టని పంచనామాలో వ్రాసుకున్నారు. అంతకు ముందు అమావాస్యనాడు జనాబాయి రెండు వత్తులు వేసిందని ఎవరో చెప్పారట. "రెండు వత్తులంటే రెండు ఓడలా?" అని ఆమెను అడిగినారు. ఆమె భయపడి కొంగు నోట్లో కుక్కుకున్నది. అదీ వ్రాసుకున్నారు.

అయ్యా, ముప్పై ఏండ్లలో మా రేవులో విడిచిన దీపం ఒక్కటీ ఏనుగుబండ దాటి పోలేదు. మలుపు తిరిగిన తరువాత ఆ బండకు తగిలి దొప్ప తడిసి ఆరిపోతుంది. బండ మా రేవుకు అర కోసు దూరం. ఎండకాలంలో నా పడవే ఇసుకలో కూర్చుంటుంది, దాన్ని నలుగురం నడుము వంచి తోస్తాము. ఇక్కడికి యుద్ధపు ఓడ ఎట్లా వస్తుందో అమీను సాహెబు సెలవియ్యాలి. వస్తే తోయటానికి మళ్లీ నన్నే పిలుస్తారు.

నా అనుమానం ఒకటి ఉన్నది, దాచుకోను. అమీను సాహెబు బావమరిదికి ఈ రేవు మీద ఎప్పటినుంచో కన్నున్నది. నన్ను జపాను మనిషిని చేస్తే రేవు ఖాళీ అవుతుంది.

పోయిన సోమవారం మాత్రం నేను కాళ్లావేళ్లా పడితే, ఆడమనిషి వద్దు, ఒక్కసారికి నువ్వు విడువు అని, జవానును కాపలా పెట్టి సెలవిచ్చినారు. నేను విడిచినాను. ఏ ఓడా రాలేదు. జవాను సాక్షి.

3. టపా తెచ్చే అంబదాసు మీద కూడా నేను ఇదివరకు ఫిర్యాదు చేసి ఉన్నాను. శివన్న ఉత్తరాలు కిటికీలు కోసినట్టు తొర్రలతో వచ్చేవి. ఊరి పేరు ఉండవలసిన చోట తొర్ర, తేదీ ఉండవలసిన చోట తొర్ర. అంబదాసే కోస్తున్నాడని ముఖేడ్ సంతలో నలుగురి ముందు వాని మెడపట్టీ పట్టుకున్నాను. వాడు ఏడుస్తూ ప్రమాణం చేసినాడు. యుద్ధం కాబట్టి సర్కారే కోయిస్తున్నదని తరువాత తెలిసింది. తప్పు నాదే. అయినా కోసింది సర్కారైతే, నాకంటే ముందు చదివింది అంబదాసే. నేను ఇంటికి చేరకముందే ఉత్తరంలోని సంగతి ఊరంతా చెప్పుకొనేది.

హోలీకి వచ్చిన ఆఖరు ఉత్తరంలో తొర్రలు పోగా మిగిలినది ఇది:

"అన్నా, ఈడ నీళ్లకు ఒడ్డు లేదు గని మాలిక్ మాత్రం ఉన్నడు. పొద్దున ఇంగ్లీషోళ్లది అంటరు, మాపటికి జపానోళ్లది అంటరు. దీపాలు ఆర్పి పోతున్నం. దూరంగ ఓడ కనవడితే అది మనదా, పగోనిదా అని అందరం ఊపిరి బిగవట్టి చూస్తం. వాళ్లు గూడ మమ్ముల గట్లనే చూస్తున్నట్టున్నరు. జనాబాయికి చెప్పు, సోమారం నాడు..."

ఆ తరువాత తొర్ర. సోమవారం నాడు ఏమిటో ఏ దొర కత్తెరకు తెలుసునో.

4. అయ్యా, నేను నీళ్ల హద్దులు ఎరిగినవాణ్ణి. గోదావరి నడుమ మా జిల్లా ఎక్కడ ముగుస్తుంది, నిజామాబాదు ఎక్కడ మొదలవుతుంది అని చేపల కోసం మావాళ్లు, అవతలి ఒడ్డువాళ్లు తెడ్లతో తలలు పగలగొట్టుకున్నారు. ఇసుకలో రాళ్లు పాతితే వరద తీసుకుపోయింది. కాని ఒకటి చెప్పగలను. అవతలి ఒడ్డు మనిషి మా ఒడ్డుకు కొట్టుకొస్తే మేము ఊరు అడగలేదు. పైకి తీసి, చీర కప్పి, కబురు పంపినాము. వాళ్లూ అంతే.

ఇప్పుడు తమరికి మాత్రమే చెప్పవలసినది. ఖుర్దాద్ నెలాఖరున ఓడల కచేరి నుంచి ఇంగ్లీషు కాగితం వచ్చింది, అంబదాసుకు ఇంగ్లీషు రాదు. ఊళ్లో ఎవరినీ నమ్మక నాందేడు పోయి స్టేషనులో ఎరగని బాబు చేత చదివించుకున్నాను. శత్రువు ఓడను కొట్టినాడనీ, శివన్న దొరకలేదనీ, జాగా పేరు యుద్ధకారణాల వల్ల చెప్పకూడదనీ ఉన్నది. వెతకమని ఆ కచేరికి జాబు వ్రాయించినాను. ఆ నీళ్లు ఇప్పుడు శత్రువు చేతిలో ఉన్నందున వెతుకుట కుదరదని జవాబు. ఆ నీళ్లు మావే అని ఇంగ్లీషువారు అంటున్నప్పుడు, వారి నీళ్లలో వారు ఎందుకు వెతకరు? అవి మావి అని జపానువారు అంటున్నప్పుడు, వారి నీళ్లలో పడ్డ మనిషిని వారు ఎందుకు తీయరు? ఇద్దరికీ సముద్రం కావాలి, అందులోని మనిషి మాత్రం ఎవరికీ అక్కరలేదు. ఇద్దరి మీదా నాకు అనుమానమే.

కాగితం జనాబాయికి చూపలేదు. దొరకలేదు అన్నారు గాని చనిపోయినాడు అనలేదు. నలభై దినాలుగా పడవ పలక కింద దాచినాను. ఆమె గాజులు చప్పుడైనప్పుడల్లా లేచి పడవ దగ్గరకు పోతున్నాను.

5. కాబట్టి ప్రార్థన. దీపానికి సెలవిప్పించవలెను. అర్జీని పైకి, ఇంగ్లీషు రెసిడెంటు దొరగారి దాకా పంపి, ఆ నీళ్లు ఎవరివో ఒక్క మాట తెప్పించవలెను. విచారణ అయితే ఆనవాయితీ ప్రకారం అర్జీని చావడిలో బిగ్గరగా చదువుతారు. దయచేసి నాలుగో అంకె వేసిన కలం చదివించవద్దు. చావడి గోడ అవతలే మా ఇల్లు.

ఇంతకు మించి దిక్కు లేనివాని మొర కనుక దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఏ పక్షమూ కానివాడు,
భోజన్న, చిన్నరేవు

తా.క. అయ్యా, చావడిలో చదివించవద్దన్న మాట కొట్టివేయండి. అర్జీ మడిచి అన్నానికి కూర్చున్నాను. జనాబాయి తలుపు దగ్గర నిలబడ్డది.

"బావా, మొన్న సోమారం దీపం ఇడిసినవ్ గద. మలుపు దాక చూసినవా?"

"చూసిన బిడ్డా."

"లే. నువ్వు ఈపు తిప్పినవ్. జవాను నిన్నే చూసుకుంట నిలవడ్డడు. నేను కిటికీలకెల్లి నిన్నే చూసిన. దీపాన్ని ఎవ్వలు చూడలే."

ఆమె చెప్పే దాకా నేను వీపు తిప్పినట్టు నాకే తెలియదు. మా నాయన దీపం, మా అమ్మ దీపం విడిచిన కాళ్లు. తెలిసిన సంగతిని నోరు దాచింది గాని కాళ్లు దాచలేకపోయినవి. అందరి మీదా అనుమానపడ్డాను. మా ఇంట్లో అనుమానపడవలసిన మనిషిని నేనే.

పడవ దగ్గరకు పోయి కాగితం తెచ్చి ఇచ్చి, శివన్న దొరకలేదని అందులో ఉన్న మాట చెప్పినాను. ఆమెకు చదువు రాదు. దీపం ముందు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్ల తొర్రల్లేవేంది?"

"ఇది సర్కారుదే బిడ్డా. కొయ్యనీకె మన శివన్న మాట ఒక్కటి గూడ లేదు."

కాగితం మడిచి కొంగున కట్టుకున్నది. తరువాత అడిగింది. "దొరకలే అంటే ఏ దీపం బావా? మలుపు దాక చూడాల్నా, ఈపు తిప్పాల్నా?"

మా కులంలో ఇంతవరకు ఎవరూ అడగని మాట అది. పెద్దలు రెండే దీపాలు చెప్పిపోయినారు. నాకు తెలియదన్నాను.

అయ్యా, వచ్చే సోమవారం ఆమే రేవుకు దిగుతానంటున్నది. అమీను సాహెబును పంపినా సరే, తుపాకీ పట్టుకుని పక్కన నిలబడినా సరే. ఆ నీళ్లు ఏ రాజువైతే మాకేమిటి. మా శివన్న ఉన్నాడా లేడా, ఆ ఒక్కటి ఎవరినైనా అడిగి చెప్పండి. దీపం చేతిలో నుంచి వదిలిన తరువాత ఆమె ఎటు తిరగాలో తెలియక అక్కడే నిలబడిపోతుంది. సోమవారానికి ఇంక నాలుగు దినాలే ఉన్నవి.