తలుపు లేని మైదానం

అమ్మా,

ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం. మా వీడియో ఆటలోంచి 'ఉడుము'ని శుక్రవారం తీసేస్తున్నారు. కొత్త యోధులు వచ్చాక వాడిని ఎంచుకునేవాళ్లు తగ్గిపోయారట. తీసేసే పని నాకే అప్పజెప్పారు.

ఒంటినిండా తెల్ల గుండీలు అతికించిన నల్ల బట్టలు వేసుకుని అన్నయ్య మా స్టూడియోలో ఎగిరి దూకడం నువ్వూ చూశావుగా. "దొంగలా ఉన్నావురా" అని పడీ పడీ నవ్వావు. కెమెరాలతో పట్టిన ఆ దూకుళ్లే ఉడుముకి పెట్టాం. ముఖం వేరు, కదలిక అంతా అన్నయ్యది. లారీ గుద్ది అన్నయ్య పోయి ఏడాది దాటింది. అయినా ఎక్కడెక్కడివాళ్లో మీటలు నొక్కి ఆ కాళ్లతో తన్నిస్తూనే ఉన్నారు.

అసలు సంగతి ఇది. ఎవరూ మీట నొక్కనప్పుడు యోధుడు నిలబడి ఊపిరి పీల్చాలి, అంతే. ఉడుము మాత్రం ఈమధ్య కుడిచెయ్యెత్తి గాలిలో తడుతున్నాడు. తట్టి, తల పక్కకి వంచి, ఎదురుచూస్తాడు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అన్నయ్య తలుపు చట్రం తట్టి, నువ్వు "సరే, జాగ్రత్త" అనేదాకా కదిలేవాడు కాదే, అచ్చం అదే! ఆ కదలిక మేము తీయలేదమ్మా. స్టూడియోలో తలుపు చట్రమే లేదు. రికార్డులన్నీ గాలించాను, ఎక్కడా దొరకలేదు. అయినా చూస్తూ కూర్చున్నాను.

ఎవరికీ చెప్పకుండా ఒక పని చేస్తున్నాను. ఉడుముకి నకలు తీసి, మనిద్దరికే తెలిసేలా ఆటలోని ఒక ఖాళీ మైదానంలో దాచేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. అన్నయ్యని నా చేత్తో నేనే చెరిపేయలేను.

నీ చిన్నది

*

చిన్నదానా,

ముందు నిన్ను తిట్టుకున్నాను, తర్వాత ఏడ్చాను. ఆ తట్టడం నేనూ చూశానే. రోజూ టీవీలో ఆట పెట్టుకుని వాడినే ఎంచుకుంటాను. మీట ముట్టను, చూస్తూ కూర్చుంటాను. ఎవరో ఆడించే దిక్కుమాలిన యోధులు వచ్చి కొట్టిపోయేవాళ్లు. కొన్నాళ్లుగా అదీ మానేశారు. వచ్చి, వాడి చుట్టూ దూరంగా నిలబడి ఊరికే చూస్తున్నారు. ఎందుకో నాకూ తెలియదు.

లారీ గుద్దిన ఆ రోజు నేను స్నానాల గదిలో ఉన్నాను. నీళ్ల చప్పుడులో మీ అన్నయ్య తట్టింది వినపడలేదు. ఎంతసేపు నిలబడ్డాడో ఏమో, జవాబు లేకుండానే వెళ్లిపోయాడు. అదే నన్ను తినేస్తోంది. ఇప్పుడు నువ్వు కూడా వాణ్ణి నిలబెట్టే ఉంచుతానంటావేంటే? వాడు తట్టేది ఉండిపోవడానికి కాదు, వెళ్లడానికి. ఎత్తిన చెయ్యి నొప్పెట్టదా పిల్లాడికి?

నిన్న సాయంత్రం టీవీ ముందు నిలబడి గట్టిగానే అన్నాను, "సరే నాన్నా, జాగ్రత్త" అని. చెయ్యి దించాడు. వెనక్కి తిరిగి నడుచుకుంటూ పోయాడు. మీటలు బల్ల మీదే ఉన్నాయి. ఇక దాచకు.

మీ అమ్మ

*

అమ్మా,

నీ ఉత్తరం అందేసరికి తీసేయడానికి ఏమీ మిగల్లేదు. పేరుంది, ప్రాణం చూపే పచ్చగీత నిండుగా ఉంది, మైదానంలో మనిషి లేడు. నేను దాచిన చోటా అంతే. "చెప్పకుండా ముందే తీసేశావేంటమ్మా?" అని మా మేనేజరు విసుక్కున్నాడు.

నిజం చెప్పొద్దూ, కోపం వచ్చింది. నీకు చెప్పి వెళ్లాడు, నాకు చెప్పలేదు. ఎప్పుడూ అమ్మకూచే!

సాయంత్రం ఆఫీసులో ఒక్కదాన్నే బ్యాగు సర్దుకుంటుంటే వెనక తలుపు చట్రం మీద తట్టిన చప్పుడైంది. తిరిగితే వెళ్లనివ్వలేనని తెలుసు. బ్యాగు జిప్పు వేస్తూ, తిరగకుండానే, "సరే అన్నయ్యా, జాగ్రత్త" అన్నాను.

నీ చిన్నది